ఎర్ర వైరు

ఒక ఊళ్లో ఎవరి కారు వాళ్లే కడుక్కునే షెడ్డు ఉండేది. ఐదు నిమిషాలు కాగానే టైమరు నీళ్లు కట్టేసేది. తన కారుకు ఆ నీళ్లు చాలక, ప్రెసిడెంటు సింహాద్రినాయుడు గుట్టుగా ఓ ఎర్ర వైరు కలిపించి టైమరు పనిచేయకుండా చేశాడు. ట్యాంకు ఖాళీ అయ్యేసరికి, నింద కాపలా సన్యాసమ్మ మీదకు నెట్టాడు.

ఓ రోజు పెళ్లికి వెళ్తూ షెడ్డులో ఆగి, పట్టుబట్టలు తడవకుండా కార్లోనే కూర్చున్నాడు నాయుడు. ముందు గోడ, వెనక కార్ల బారు. అతని బదులు సన్యాసమ్మ పైపందుకుంది.

"టైమరు నీళ్లాపేదాకా నేనాపను బాబూ. తప్పెవరిదో అందరూ సూస్తారు."

నీళ్లు ఆగడం లేదు. ముహూర్తం ముంచుకొస్తోంది. నాయుడు అద్దం దించి అరిచాడు.

"అదాగదే! ఆ ఎర్ర వైరు పీకెయ్!"

"నేనింకా టైమరు పెట్టె తెరిసి సూడనేదు బాబూ. లోపల ఎర్ర వైరున్నట్టు మీకెలా తెలిసింది?"

నాయుడు సిగ్గుతో చచ్చిపోయి గబగబా అద్దం ఎక్కించుకున్నాడు. అప్పుడే కడిగిన అద్దమాయె, వంచుకున్న తల ఊరందరికీ కనబడింది.