నాలుగు దరువుల ఖాళీ

పిల్లలూ, ముందు ఒక్క ప్రశ్న. ముగ్గురు కలిసి ఒక పాట కడితే ఆ పాట ఎవరిది? బాణీ కట్టినవాళ్ళదా? మాటలు అల్లినవాళ్ళదా? దరువు వేసినవాళ్ళదా? వెనక కూర్చున్నవాళ్ళూ, మిమ్మల్ని కూడా అడుగుతున్నాను! చేతులు దించండి. జవాబు ఇప్పుడే వద్దు. తురాయి అనే ఉడత కూడా మీలాగే గబుక్కున జవాబు చెప్పేసింది. ఆ తర్వాత ఎంత వణికిపోయిందో వినండి.

అనగనగా ఇప్పచెట్లూ తుమికిచెట్లూ నిండిన ఒక కొండ అడవి ఉండేది. ఆ అడవిలో తురాయికి ఇద్దరు స్నేహితులు. ఒకడు జక్కులు అనే పికిలిపిట్ట. ఇంకొకామె ముత్తెమ్మ అనే ముళ్ళపంది.

ముగ్గురికీ వేరే పనులున్నాయి. తురాయి పగలంతా కాయలు ఏరుకునేది. జక్కులు గూట్లో పిల్లలకు పురుగులు తెచ్చిపెట్టేవాడు. ముత్తెమ్మ దుంపలు తవ్వుకునేది. పొద్దు వాలే వేళకు మాత్రం పడిపోయిన మద్దిమాను దగ్గర ముగ్గురూ చేరేవాళ్ళు. జక్కులు ఈల వేసి బాణీ కట్టేవాడు. తురాయి దానికి మాటలు అల్లేది. ముత్తెమ్మ వీపు మీది ముళ్ళు గలగలలాడించి దరువు వేసేది.

"జక్కులన్నా, ఇది నిన్నటి బాణీయే కదా! తోక కత్తిరించి తెచ్చావా?" అనేది తురాయి.

"నీ మాటలు మాత్రం కొత్తవేంటి? ప్రతి పాటలోనూ కాయలే! ఆకలేస్తే తినేసి రా పిల్లా, పాటలో పెట్టకు," అనేవాడు జక్కులు.

ముత్తెమ్మ ముళ్ళన్నీ కదిలేలా నవ్వేది. "మీ తగువు తేలాక చెప్పండి. అందాకా ఒక దుంప తినొస్తా," అనేది.

అలా రోజులు బాగానే గడిచాయి. కానీ తురాయి మనసులో ఒక ముల్లు గుచ్చుకుని ఉంది. కిందటి వానాకాలంలో ముగ్గురూ కట్టిన పాట అడవంతా పాకింది. అందరూ దాన్ని "పికిలిపిట్ట పాట" అన్నారు. ఒక రోజు పెద్దచెవుల కుందేలు తురాయిని ఆపి, "అయ్యో, ఆ పాటలో నువ్వు కూడా ఉన్నావా తల్లీ? మాకు తెలీనే తెలీదు!" అంది. ఆ మాట తురాయికి చాలా కాలం నిద్ర పట్టనివ్వలేదు.

ఆమె బాధ అబద్ధమని నేను అనను. పనిచేసినవాళ్ళ పేరు మరిచిపోవడం అన్యాయమే. కానీ ఆ బాధతో ఆమె ఏం చేసిందో చూడండి.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. అడవిలోని వాగు అడుగంటింది. వాగు ఎండిన ఏడాది జంతువులన్నీ బారులు తీరి, కొండల అవతల ఉన్న ఏటికి నడిచి వెళ్ళేవి. మధ్యలో కనుమ ఉంది. అంటే రెండు కొండల నడుమ ఇరుకు దారి. అక్కడ దుమ్ము లేస్తే ముందు నడిచేవాళ్ళు వెనకవాళ్ళకు కనిపించరు. అందుకే అందరూ ఒకే పాట పాడుతూ నడిచేవాళ్ళు. పాట వినిపించినంత మేరా దారి తప్పరు. దాన్ని దారిపాట అనేవాళ్ళు.

దుప్పి పెద్దయ్య ఈ ముగ్గురి దగ్గరికీ వచ్చాడు. "ఈసారి దారిపాట మీరే కట్టాలి. నాలుగు రోజుల్లో బయలుదేరుతున్నాం," అన్నాడు.

తురాయి ఎగిరి గంతేసింది. ఆమెకు ఇదే తొలి నడక. కిందటేడాది వాగు ఎండలేదు. అంతకుముందు వాగు ఎండినప్పుడు ఆమె ఇంకా పుట్టనే లేదు.

ఒక్క సాయంత్రంలో పాట తయారైంది.

"అడుగు మీద అడుగు వేద్దాం,
అలసిపోక నడిచిపోదాం,
అదిగదిగో ఏరు..."

అక్కడ ముత్తెమ్మ టక్కున ఆగిపోయింది. ఒక్క ముల్లు కూడా కదల్లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు దరువుల సేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత మళ్ళీ గలగల మొదలుపెట్టింది.

"ఏంటక్కా, ఆయాసమా?" అని నవ్వింది తురాయి.

"కాదు పిల్లా. అక్కడ వినాలి," అంది ముత్తెమ్మ.

"బాగుంది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఎత్తుకోవచ్చు," అన్నాడు జక్కులు.

ఏం వినాలి? తురాయి అడగలేదు. తన మాటలు అంత బాగున్నాయి కాబట్టి, అందరూ ఒక్క క్షణం ఆగి మనసులో మళ్ళీ వినాలి కాబోలు అనుకుంది. మురిసిపోయింది కూడా.

పాట నేర్పే పని తురాయిది. చెట్టు మీంచి చెట్టు మీదికి దూకుతూ అందరి దగ్గరికీ త్వరగా వెళ్ళగలిగేది ఆమే కదా. మొదట కుందేళ్ళ బొరియల దగ్గరికి వెళ్ళింది. పెద్దచెవుల కుందేలు బయటికి వచ్చి, "ఇది కూడా పికిలిపిట్ట పాటేనా?" అని అడిగింది.

తురాయికి ఒళ్ళు మండింది. పాట ఎత్తుకుంది. మూడో పాదం చివరికి వచ్చింది. నాలుగు దరువుల ఖాళీ వచ్చింది. నోరు ఊరుకోలేదు.

"అదిగదిగో ఏరు... తురాయి కట్టిన తీరు!"

ఏరు, తీరు. ప్రాస ఎంత చక్కగా కుదిరిందో చూడండి! తప్పు చేసినప్పుడు కూడా ప్రాస కుదురుతుంది పిల్లలూ, అదే చిక్కు. కుందేళ్ళు గంతులేశాయి. "తురాయి కట్టిన తీరు! తురాయి కట్టిన తీరు!" అంటూ ఆ ముక్కనే పదిసార్లు పాడాయి.

ఆ రోజు సాయంత్రానికి కొండముచ్చులకూ, నెమళ్ళకూ, దుప్పులకూ అలాగే నేర్పింది. అందరూ ఆ ముక్క దగ్గరే గొంతు పెంచి పాడారు.

చీకటి పడకముందే భయం మొదలైంది. జక్కులు వింటే? ముత్తెమ్మక్క వింటే? ఎవరైనా కూనిరాగం తీస్తే చాలు, తురాయి తోక నిక్కబొడుచుకునేది. కాయ కొరికితే మింగుడు పడేది కాదు.

మర్నాడు జక్కులు ఎదురయ్యాడు. పిల్లల మేతకు పరుగులో ఉన్నాడు. "పాట అందరికీ వచ్చిందా పిల్లా?" అన్నాడు.

చెప్పేద్దామా? నాలుక చివరిదాకా వచ్చింది.

"వచ్చిందన్నా. బాగా వచ్చింది," అంది.

ఆ మర్నాడు బొరియ అంచున ముత్తెమ్మ కనిపించింది. "ఆగాల్సిన చోట ఆగుతున్నారా?" అని అడిగింది. అడిగి, తురాయి కళ్ళలోకి చూసింది.

"ఆఁ... ఆగుతున్నారక్కా."

అబద్ధం ఎంత చిన్నగా ఉందో చూడండి! ఒక్క మాట. ఆ ఒక్క మాట గొంతులో గింజలా ఇరుక్కుంది. ఆ రోజంతా తురాయి లెక్కలు వేసింది. కుందేళ్ళ బొరియలు ఏడు. దుప్పుల మందలు రెండు. కొండముచ్చులు ఎన్నో. అందరి దగ్గరికీ వెళ్ళి, "నేను తప్పు నేర్పాను" అని చెప్పాలి. ఎలా చెప్పేది? పెద్దచెవుల కుందేలు ఊరుకుంటుందా? రేపు చెబుదాం అనుకుంది. రేపటికి నడక రోజు రానే వచ్చింది.

తూరుపు ఎర్రబడగానే అందరూ బయలుదేరారు. ముందు దుప్పి పెద్దయ్య. వెనక మందలు. మధ్యలో పిల్లలు. నడక నెమ్మది కాబట్టి ముత్తెమ్మ అందరికంటే చివర. జక్కులు, ఎగరడం వచ్చిన తన పిల్లలతో పైన ఎగురుతున్నాడు. తురాయి ముత్తెమ్మ పక్కనే గెంతుతోంది. ముత్తెమ్మ ఈ పాట వినకూడదని దేవుళ్ళందరికీ మొక్కుతోంది.

కనుమ మొదలవగానే పెద్దయ్య పాట ఎత్తుకున్నాడు. వందల గొంతులు కలిశాయి.

"అదిగదిగో ఏరు... తురాయి కట్టిన తీరు!"

కొండలు మారుమోగాయి. ముత్తెమ్మ నిలబడిపోయింది.

"ఆ నాలుగు దరువులూ ఏవి పిల్లా?"

తురాయి తోక వెనక ముఖం దాచుకుంది.

"నిన్నే అడుగుతున్నా. ఏవి?"

"నా పేరు పెట్టానక్కా. అక్కడ ఖాళీగా ఉందని..."

ముత్తెమ్మ అరవలేదు. అరిచి ఉంటేనే నయం. గొంతు తగ్గించి గబగబా చెప్పింది. "అది ఖాళీ కాదే. ఈ కనుమలో రేచుకుక్కలు గుంపుగా పొంచి ఉంటాయి. మనం పాడుతుంటే ఎండుటాకుల మీద వాటి అడుగులు వినబడవు. మూడేళ్ళ కింద నా చెల్లెలు నా ముందే నడుస్తోంది. అందరం పాడుతూనే ఉన్నాం. పాట అయ్యేసరికి చెల్లెలు లేదు. అందుకే ఆ చోటు పెట్టాను. పాట ఆగాలి. అందరూ వినాలి."

తురాయి తలెత్తి పైకి చూసింది.

"జక్కులన్నా! పాట ఆపమను!" అని అరిచింది. జక్కులు కిందికి దిగి కూశాడు. పాట హోరులో అతని కూత కలిసిపోయింది. ముత్తెమ్మ ముళ్ళు గట్టిగా ఆడించింది. అదీ దరువే అనుకుని అందరూ ఇంకా హుషారుగా అందుకున్నారు. తురాయి పక్కనున్న కుందేలును పట్టి కుదిపింది. "నీ పేరేగా పాడుతున్నాం, ఇంకేం కావాలి?" అంది కుందేలు.

ఇక ఒక్కటే దారి. తురాయి ఉరికింది. కుందేళ్ళ వీపుల మీంచి, దుప్పుల మెడల మీంచి దూకుతూ బారు మొదటికి చేరింది. పెద్దయ్య కొమ్ము మీదికి ఎక్కి, అతని చెవిలో కాదు, అందరికీ వినిపించేలా కీచుమని అరిచింది.

"ఆపండి! ఆ మాట పాటలో లేదు! నా పేరు నేనే దొంగతనంగా పెట్టాను! అక్కడ ఆగాలి, ఆగి వినాలి! ముత్తెమ్మక్క అలా కట్టింది!"

పెద్దయ్య కాలు నేలకేసి కొట్టాడు. పాట తెగిపోయింది.

ఒకటి. రెండు. మూడు.

ఎడమవైపు గుట్ట మీద ఎండుటాకులు కరకరలాడాయి. ఒక చోట కాదు, అయిదారు చోట్ల. బారు చివరకు దగ్గరగా.

"గుండ్రంగా నిలబడండి! పిల్లల్ని లోపలికి!" అని గర్జించాడు పెద్దయ్య. దుప్పులు కొమ్ములు వంచి చుట్టూ నిలిచాయి. పిల్లలు లోపలికి దూరాయి. అందరూ చేరారు, ముత్తెమ్మ తప్ప. ఆమె నడక నెమ్మది కదా. రేచుకుక్కలు గుట్ట దిగి ఆమె మీదికే వచ్చాయి. ఆమె వెనక్కి తిరిగి ముళ్ళు విప్పింది. మొదటి కుక్క మూతి నిండా ముళ్ళు దిగాయి. రెండోది ఆమె ముందుకాలు పట్టింది. దుప్పులు కొమ్ములతో పరిగెత్తుకు వచ్చేసరికి కుక్కలు వదిలి పారిపోయాయి.

ఎవరూ చావలేదు. కానీ ముత్తెమ్మ వీపు సగం బోడిగా ఉంది. కాలు నుంచి నెత్తురు కారుతోంది.

ఏరు చేరాక అందరూ నీళ్ళు తాగారు. తురాయి మాత్రం దూరంగా నిలబడింది. పెద్దచెవుల కుందేలు పక్కనుంచి పోతూ, "తురాయి కట్టిన తీరు చూశాంలే!" అంది.

జక్కులు ఆకుపసరు తెచ్చి ముత్తెమ్మ కాలికి పూశాడు. తర్వాత తురాయి మీద విరుచుకుపడ్డాడు. "పేరు కావాలంటే నన్ను అడగొచ్చు కదే! నోరు లేదా?"

"కిందటేడు అందరూ నీ పాట, నీ పాట అంటుంటే నువ్వెందుకు కాదనలేదన్నా?"

జక్కులు రెక్క సర్దుకున్నాడు. "కాదనాల్సింది. వినడానికి బాగుంది. ఊరుకున్నాను," అన్నాడు.

"మీ పేర్ల గొడవ మీది," అంది ముత్తెమ్మ. "అక్కడ ఏం వినాలక్కా అని మీ ఇద్దరిలో ఒక్కరైనా అడిగారా? నాలుగు దరువులు ఊరికే వదిలేస్తానా నేను?"



మర్నాడు తురాయి ఒక్కో మంద దగ్గరికీ వెళ్ళింది. తను నేర్పింది తనే మరిపించాలి కదా. ప్రతి చోటా, "ఎందుకు మార్చడం?" అని అడిగారు. ప్రతి చోటా మొదటి నుంచి చెప్పుకుంది. కొందరు తిట్టారు. కొందరు నవ్వారు. కుందేళ్ళ దగ్గర రెండుసార్లు చెప్పించుకున్నారు.

సాయంత్రం ఏటి ఒడ్డుకు వచ్చేసరికి ముత్తెమ్మ ఒంటరిగా పడుకుని ఉంది. దరువు వేయడానికి ఆ ముళ్ళు మళ్ళీ ఎప్పటికి వస్తాయో తెలీదు. మళ్ళీ తనతో పాట కడుతుందో లేదో అంతకన్నా తెలీదు. అయినా తురాయి వెళ్ళి పక్కన కూర్చుంది.

"అక్కా, మీ చెల్లెలి పేరేంటి?"

ముత్తెమ్మ తల తిప్పింది. ఈ మాట ఆమెను ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

"సంపెంగి," అంది. "నీకంటే ఎక్కువ వాగేది," అని కాలు సర్దుకుని, చెల్లెలి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. తురాయి మధ్యలో ఒక్క మాట కూడా కలపలేదు.

నీతి: కలిసి చేసిన పనిలో మన కంటికి ఖాళీగా కనిపించిన చోట పక్కవాళ్ళ కష్టం ఉండొచ్చు, వాళ్ళను అడగకుండా అక్కడ మన పేరు రాసుకోకూడదు. వినేశారు కదా, ఇక లేవండి! మీ పాటలోనో, నాటకంలోనో, ఆటలోనో మీతో పాటు చెమటోడ్చినా ఎవరూ పేరెత్తని ఒకరు ఉండే ఉంటారు. ఈ రోజు ఇంటికి వెళ్ళేలోపే వాళ్ళ దగ్గరికి వెళ్ళి, "నువ్వేం చేశావో నాకు చెప్పు" అని అడగండి, చెప్పింది పూర్తిగా వినండి.