ఏలినవారి ఇంగ్లీషు నడకలు

రాజ్యాలు చిక్కిపోయి రాజుల మీసాలు బలిసిన కాలంలో, గోదావరికి కాస్త ఎడంగా ఒకానొక సంస్థానం ఉండేది. దాన్ని ఏలే జగదభిరామ భూపతి చెడ్డవాడు కాడు. కాకపోతే కొత్తది ఏది కంటపడినా నెత్తికెత్తుకుని ఊరేగేవాడు.

ఆ యేడు ఆయన నెత్తికెక్కింది ఇంగ్లీషు. చెన్నపట్నం నుంచి వచ్చిన అప్పాసామి మొదలియారు అనే పంతులు, దొరల భాషలో నడకకు ఎన్ని మాటలున్నాయో వినిపించాడు. రొమ్ము విరుచుకుని నడిస్తే స్ట్రట్. మునివేళ్ల మీద నడిస్తే టిప్‌టో. ఒంటికాలి మీద గెంతితే హాప్. కుంటితే లింప్. రాజుగారు మురిసిపోయి, ఇకమీదట పంతులు ఏ మాట పలికితే ఆ నడకతోనే సభికులు లోపలికి రావాలనీ, రాలేనివాడు తన ఆసనం పంతులుకి వదులుకోవాలనీ ఆజ్ఞ వేశారు.

ముసలి దివాను మునివేళ్ల మీద వచ్చి బోర్లా పడ్డాడు. సేనాపతి ఒంటికాలిమీద గెంతుతూ వస్తే ద్వారం దగ్గరి భటులు మొహాలు తిప్పుకున్నారు. నవ్వే ధైర్యం ఎవరికీ లేదు, ఎదురు చెప్పే ధైర్యం అసలే లేదు.

విదూషకుడు పేరిభట్టు వంతు వచ్చింది. ఆయనకు మోకాలి వాతం. గుమ్మం పక్కనున్న తన పీట దాకా చేరడమే గగనం. ఆ పీట మీద కూర్చునే ఆయన తండ్రి పెద్దరాజుగారిని నవ్వించాడు. అది వదులుకోవడం పేరిభట్టుకి సుతరామూ ఇష్టం లేదు. పైకి మాత్రం చిరునవ్వు చెరగనివ్వలేదు.

“మహాప్రభూ, శుక్రవారం మధ్యాహ్నం దాకా గడువిప్పించండి. ఈ పీట మీంచి లేవకుండానే పంతులుగారి నడకలన్నీ చూపిస్తాను. చూపించలేకపోతే పీట వారిదే. చూపిస్తే మాత్రం, ఎవరి కాళ్లకు వచ్చిన నడక వాళ్లు నడిచేలా సెలవివ్వండి.”

రాజుగారు పకపకా నవ్వి సరేనన్నారు. పేరిభట్టు ఇంకొక్క మనవి చేసుకున్నాడు. తను ఓడిపోతే చూసి నవ్వుకోవడానికి కోటలో పనివాళ్లంతా సభలో ఉండాలట, ఒక్కరూ బయట మిగలకూడదట. ఈ కోరిక రాజుగారికి మరీ నచ్చింది. అప్పటికప్పుడే ఆజ్ఞ వెళ్లింది.

ఆ కోటలో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి శుక్రవారం మిట్టమధ్యాహ్నం కులదేవత నైవేద్యపు పళ్లెం కోట వాకిటికి వస్తుంది. రాజే స్వయంగా, వట్టికాళ్లతో రాతి బండల ముంగిలి దాటి వెళ్లి అందుకోవాలి. ఏలినవారి పాదాలు కాలకుండా నీళ్లవాళ్లు ముందే బండలు తడిపి ఉంచేవారు. ఆ శుక్రవారం వాళ్లు కూడా కావిళ్లు గోడకానించి సభలో నిలబడ్డారు. బయట రోహిణికార్తె ఎండ మండిపోతోంది.

సన్నాయి మోగింది. రాజుగారు లేచి, బూట్లు విడిచి, మీసం దువ్వుకుని, రొమ్ము విరుచుకుని బయల్దేరారు.

“మొదలియారు గారూ, ఆ నడకనేమంటారు?” అని అడిగాడు పేరిభట్టు.

“స్ట్రట్. చక్కటి స్ట్రట్,” అన్నాడు పంతులు. పాఠం అడిగితే చెప్పకుండా ఉండలేని మనిషి.

గుమ్మంలోంచి సభంతా చూస్తూండగా రాజుగారి పాదం బండ మీద పడింది. రెండో అడుగుకే మడమలు పైకి లేచాయి.

“మరి ఇదో?”

“టిప్‌టో.”

నడిముంగిట్లో ఏలినవారు ఒక కాలు చేత్తో పట్టుకుని రెండో కాలి మీద గెంతారు. “హాప్,” అంటూ పంతులు ఉత్సాహం పట్టలేక తనే లేచి నిలబడ్డాడు. ఆపైన రాజుగారు పంచె ఎగ్గట్టి వాకిటి నీడలోకి ఒకటే పరుగు. దానికీ పంతులు ఒక మాట చెప్పాడు గానీ, గుసగుసల్లో ఎవరికీ వినపడలేదు.

పేరిభట్టుకి జాలేసింది. ఇక చాలు, వెళ్లి నీళ్లు పోయండని కావిళ్లవాళ్లను తరిమాడు. తడిసిన బండల మీద, రెండు చేతులా పళ్లెం పట్టుకుని, బొబ్బలెక్కిన పాదం ఈడ్చుకుంటూ రాజుగారు తిరిగొచ్చారు. సభంతా పంతులు వైపు చూసింది.

“లింప్,” అన్నాడు పంతులు, తల దించుకుని.

రాజుగారు పళ్లెం భద్రంగా దించి, పేరిభట్టు వైపు తిరిగారు. “నన్నే ఆడించావా?”

“నేను పీట మీంచి కదల్లేదు మహాప్రభూ. నీళ్లవాళ్లను లోపలికి రమ్మని ఆజ్ఞ ఇచ్చింది కూడా తమరే. ఇన్నాళ్లూ మా నడకలు తమరు చూశారు. ఒక్కపూట తమ నడక మేము చూశాం.”

రాజుగారు తన పాదం చూసుకున్నారు. తర్వాత దివాను నుదుటి మీది బొప్పి చూశారు. ఆయన మీసం ముందు వణికింది, ఆ తర్వాత పొట్ట కదిలింది. కళ్లనీళ్లు కారేదాకా ఆయన నవ్వుతూంటే సభంతా కలిసి నవ్వింది. ఆజ్ఞ అక్కడికక్కడే రద్దయింది. పేరిభట్టు మోకాలి కోసం సొంత పల్లకీ, బోయీలూ బహుమానంగా దక్కాయి.

మర్నాడు పేరిభట్టు పల్లకీలో, దిండుకి ఆనుకుని, తాంబూలం నములుతూ సభ గుమ్మం దాకా వచ్చాడు.

“మొదలియారూ, ఇలా రావడాన్ని ఏమంటారయ్యా?” అని అడిగారు రాజుగారు.

పంతులు ఈసారి ఇంగ్లీషు వెతుక్కోలేదు. “దర్జా అంటారు ప్రభూ,” అన్నాడు.