కొర్రమ్మ కట్టే నారతాడు

వల్లభుడు కొండ దిగి వస్తూనే అంబులపొదిని నేలకేసి కొట్టాడు. బాణాలు వాకిలంతా చెల్లాచెదురయ్యాయి.

"ఆ ముసలిది ఇవాళ కూడా పొమ్మంది, గురువుగారూ!"

సింగన్న వెదురుబద్ద చెక్కుతున్నాడు. తలెత్తలేదు. ఆ చుట్టుపక్కల విలువిద్యలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. ఆ పేరు వినే వల్లభుడు సముద్రపు ఒడ్డునున్న కోట నుంచి వెతుక్కుంటూ వచ్చి శిష్యుడయ్యాడు. విద్య ముగిసింది. పరీక్ష ఒక్కటే మిగిలింది. ఒంటరిగా అడవికి పోయి, ఒకే బాణంతో అడవికోడి పుంజును కొట్టి తేవాలి. తెస్తే కోటలో విలుకాళ్ళ నాయకుడు అతనే.

అడవిలో అడుగు పెట్టనిస్తే కదా!

అడవి మొదట్లో ఒక పాక ఉంది. కొండవాళ్ళ పెద్ద కొర్రమ్మ అందులో కూర్చుంటుంది. కొండలో పుట్టినవాళ్ళు విల్లు భుజాన వేసుకుని ఆమె ముందు నుంచే దర్జాగా నడిచిపోతారు. బయటివాళ్ళు మాత్రం విల్లు కింద పెట్టి, కూర్చుని, అడగాలి. ఆమెకు సరే అనిపిస్తే వింటికొనకు ఒక నారతాడు కడుతుంది. ఒక తాడుకు ఒక పుంజు. పెట్టను ముట్టకూడదు. తాడు లేని బయటివాడి విల్లు అడవిలో కనబడితే విరిచేస్తారు.

"పొద్దెక్కేదాకా బండ మీద కూర్చోబెట్టింది. విల్లు పట్టడం సరిగ్గా రానివాళ్ళు కూడా నా కళ్ళ ముందే లోపలికి పోయారు. నేను పరాయివాణ్ణట!"

"పరాయివాడివేగా," అన్నాడు సింగన్న.

"మీరొక్క మాట చెప్పండి చాలు. మీ పేరు వింటే లేచి దారిస్తుంది."

లోపలి నుంచి దగ్గు వినిపించింది. సింగన్న భార్య అచ్చమ్మకు జ్వరమైతే తగ్గింది గానీ లేచి నడిచే ఓపిక రాలేదు. అడవికోడి చారు పడితే సత్తువ వస్తుందని వైద్యుడు చెప్పి వెళ్ళాడు.

"రేపు నేనూ వస్తాను," అన్నాడు సింగన్న. "నాకూ ఒక పుంజు కావాలి."

మర్నాడు కొండెక్కుతున్నంతసేపూ వల్లభుడికి ఒకటే ఆరాటం. గురువుగారిని చూశాక ఆ ముసలిదాని ముఖం ఎలా మాడిపోతుందో చూడాలి.

పాక కనబడగానే సింగన్న చెప్పులు విడిచాడు. విల్లు నేల మీద పెట్టాడు. వెళ్ళి, బయటివాళ్ళు కూర్చునే బండ మీద కూర్చున్నాడు.

కొర్రమ్మ బయటికొచ్చింది. "ఏ ఊరు?"

"ఏటి అవతల, నేరేడుపల్లి."

"ఏం కావాలి?"

"ఒక పుంజు, తల్లీ. ఇంటిదానికి ఒంట్లో బాగాలేదు."

కొర్రమ్మ మొలలోంచి నారతాడు తీసింది. వింటిమీదికి వంగింది.

వల్లభుడు ఇక తట్టుకోలేకపోయాడు.

"ఏ ఊరని అడుగుతావా? నీ కళ్ళకు పొరలు కమ్మాయా? నీ మనవళ్ళకు విల్లు పట్టడం నేర్పింది ఎవరు? ముప్పై ఏళ్ళుగా ఈ కొండ కిందే బతుకుతున్న మనిషిని బండ మీద కూర్చోబెడతావా? ఈ అడవిని మీ తాతలు నాటారా?"

కొర్రమ్మ నడుం నిటారు చేసింది.

"నాటలేదు. కాచారు. మీ కోటవాళ్ళు వలలు పట్టుకొచ్చి, పొదుగుతున్న పెట్టల్ని కూడా గంపలకెత్తుకుపోయారు. ఆ ఏడు ఈ కొండ మీద కోడి కూయలేదు. నాకు కళ్ళు కనబడవంటావా? నాకు ఆ గంపలు ఇప్పటికీ కనబడుతున్నాయి!"

ఆమె సింగన్న వైపు తిరిగింది.

"ఈ అరిచేవాడు నీవాడేనా?"

"నావాడే, తల్లీ."

"అయితే ఇవాళ నీకూ లేదు."

తాడు మళ్ళీ మొలలో దోపుకుని పాకలోకి వెళ్ళిపోయింది. సింగన్న ఆ పాకకు దణ్ణం పెట్టాడు. వింటినారి విప్పి, దారి పట్టాడు.

సగం దిగారో లేదో, పొదలోంచి ఒక పుంజు దారి మీదికొచ్చింది. ఎర్రటి మెడ, నల్లటి తోక. కళ్ళు మూసుకుని కొట్టినా తప్పనంత దగ్గర. వల్లభుడు చప్పున బాణం సంధించాడు.

సింగన్న గట్టిగా చప్పట్లు కొట్టాడు. పుంజు రెక్కలు టపటపలాడించుకుంటూ చెట్లలోకి ఎగిరిపోయింది.

"అమ్మగారు మంచంలో ఉన్నారు!" వల్లభుడు అరిచాడు. "ఇంత జరిగినా మీకు కోపం రాదా?"

"వస్తోంది," అన్నాడు సింగన్న. "చాలా వస్తోంది."

కోపం ఎవరి మీదని వల్లభుడు అడగలేదు. బాణాన్ని పొదిలో పెట్టి, తల వంచుకునే అన్నాడు:

"ముప్పై ఏళ్ళ తర్వాత కూడా మీరు ఇంకా అడగాలా?"

"అడుగుతున్నాను కాబట్టే ముప్పై ఏళ్ళు ఉండనిచ్చారు."

ఇంటికి చేరగానే అచ్చమ్మ మంచం మీంచే అడిగింది, "దొరికిందా?" అని.

"రేపు చూద్దాం," అని సింగన్న ఆమెకు గంజి పట్టాడు. వల్లభుడు ఆ పూట అన్నం ముందు కూర్చుని, ముట్టకుండానే లేచిపోయాడు.

తెల్లవారుతూనే ఒక్కడే కొండెక్కాడు. వెళ్ళి బండ మీద కూర్చున్నాడు. కొండవాడొకడు విల్లు భుజాన వేసుకుని ఈల వేసుకుంటూ ముందు నుంచే పోయాడు. వల్లభుడు పిడికిలి బిగించి నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు. ఎండ నెత్తికెక్కాక కొర్రమ్మ బయటికొచ్చింది.

"విల్లేదీ?"

"తేలేదు."

"మరెందుకొచ్చావు?"

"నిన్న మా గురువుగారికి దక్కాల్సిన తాడు నా నోటివల్ల పోయింది. అది ఆయనకివ్వండి. నా కోసం రాలేదు."

కొర్రమ్మ తాడు తీసి అతని అరచేతిలో పెట్టింది.

"ఆయన వింటికే కట్టు. ఇంకొకరి వింటికి కనబడిందో, విరిచేస్తాను. చారులో మిరియాలు కాస్త ఎక్కువ వెయ్యమను. అచ్చమ్మకు అలాగే ఇష్టం."

వల్లభుడు లేచాడు. రెండడుగులు వేశాక నోరు జారింది. "మరి నాకు?"

"నువ్వు పరాయివాడివి. రేపు రా."

కోపం మళ్ళీ పొంగింది. అతను తాడును జాగ్రత్తగా మొలలో దోపుకున్నాడు.

"వస్తానమ్మా," అన్నాడు.