గంగసాని అరచేతులు: హితగౌరీ వ్రత కథ

పూలు, అక్షతలు చేతబట్టుకొని అందరును మనసు నిలిపి వినుడు.

పూర్వము సుదాంతుడను ముని తన గురువగు వీతరాగ మహామునికి నమస్కరించి, లోకమున సలహాలకు కొదువ లేదు గదా, మానవుడు ఎవరి మాట వినిన బాగుపడును, అందుకు తగిన వ్రతమేదైన గలదా యని అడిగెను. ఆ మహాముని చిరునవ్వు నవ్వి హితగౌరీ వ్రతమును గూర్చి ఇట్లు చెప్పెను.

రత్నగిరి యను పట్టణమున బొల్లయ యను కుమ్మరి యుండెను. అతని భార్య అక్కమాంబ పనిమంతురాలే గాని, ఎవరైన పొగడిరా, ఉబ్బితబ్బిబ్బగును. అత్త గంగసాని నోట మెచ్చుకోలు ఏనాడును రాలేదు. కోడలు కాపురమునకు వచ్చిననాడే ఆమె పిలిచి, హితగౌరిని పూజింపుమనియు, ఎవరి సలహా వినదలచితివో వారిని పీటపై కూర్చుండబెట్టి తాంబూలమిచ్చి, "నా చేయి కాలిననాడు నీ చేయి కాలునా?" అని అడుగుమనియు చెప్పెను. అక్కమాంబ అది ముసలిదాని చాదస్తమని నవ్వి ఊరకుండెను.

పొరుగున మాచసాని యను నామె యుండెను. పుట్టి బుద్ధెరిగి మట్టి ముట్టినది కాదు. అయినను కుండల సంగతి ఆమెయే చెప్పవలెను! నీవంటి నేర్పరి మట్టిని ఐదు దినములు త్రొక్కనేల, రెండు చాలునని ఆమె చెప్పగా అక్కమాంబ వినెను. ఆ కుండలు వాటిని కాల్చు ఆములోనే పగిలెను. పచ్చికుండలను మండుటెండలో ఆరబెట్టుమని చెప్పగా మరల వినెను. అవి నెర్రెలు విచ్చెను. ఇంట కూటికి కరవయ్యెను. అయినను ఆమెకు బుద్ధి రాలేదు, ఏమి చెప్పుదును!

అంతలో రాజకుమార్తెకు వివాహము నిశ్చయమయ్యెను. పెండ్లిపందిట నిలుపు ఐరేని కుండలు చేయు పని బొల్లయకు వచ్చెను. ఆము కాల్చి మంట ఆరిన పిదప మూడు దినములు దానిని తెరవరాదు. మొదటి దినముననే, బొల్లయ కట్టెలకు పోయిన వేళ, మాచసాని వచ్చి, నేడే తెరచినచో అంతఃపుర స్త్రీలు నీ చురుకు చూచి ముక్కున వేలు వేసికొందురనెను. అక్కమాంబ వెంటనే కుండలు సిద్ధమని, వచ్చి కొనిపొండని కోటకు కబురంపెను.

గంగసాని ఆము గోడకు అరచేయి ఆనించి, "వద్దే అమ్మా, లోపలింకా నిప్పుంది. ఈ ఒక్కసారి నా మాట వినవే" అని బ్రతిమాలెను.

"నాకు పేరు రావడం నీకు గిట్టదత్తా" అని కోడలు ఆము తెరచెను.

మేళతాళములతో, పసుపుకుంకుమల పళ్లెములతో స్త్రీలు వాకిట నిలిచియుండగా చల్లగాలి లోనికి దూరెను. ఒక కుండ ఫటాలున పగిలెను. పిమ్మట మరియొకటి. మేళము ఆగిపోయెను. కుండలు వరుసగా పగులసాగెను. వచ్చినవారు అపశకునమని చెవులు మూసికొనిరి. పదునైదు దినములలో కుండలు రానిచో ఊరు విడువవలెనని వెంట వచ్చిన రాజభటులు చెప్పిరి.

అక్కమాంబ మాచసానికై వెదకెను. మాచసాని ఆ స్త్రీల నడుమ నిలిచి, "నేను వద్దు వద్దంటూనే ఉన్నానమ్మా, వింటేనా!" అనుచుండెను. ఆ మాట అక్కమాంబ చెవిని బడెను.

అప్పుడు ఆము వెనుకనుండి మూలుగు వినబడెను. గంగసాని ఆ నిప్పులలో చేతులు పెట్టి ఒక్క కుండను లాగి, పగులకుండ వేడి బూడిదలో కప్పియుండెను. రెండరచేతులును బొబ్బలెక్కి యుండెను. "ఒకటి దక్కిందే. ఏడవకు" అని ఆమె కోడలినే ఓదార్చెను. అక్కమాంబ ఆ చేతులు చూచి బావురుమనెను.

మరునాడు మంగళవారము. అక్కమాంబ తలంటుకొని, ఆ దక్కిన కుండనే కలశముగ నిలిపి, హితగౌరిని పూజించి, చలిమిడి నివేదించి, అత్తను పీటపై కూర్చుండబెట్టెను. తాంబూలమిచ్చి ఆ ప్రశ్న అడుగబోయెను. అడుగకముందే గంగసాని అరచేతులు చాపెను.

అటుపిమ్మట ఐదు దినములు మట్టి త్రొక్కిరి, నీడన ఆరబెట్టిరి, ఆమును మూడు దినములు ముట్టరైరి. గౌరి కృపచే ఒక్క కుండయు చెడలేదు. వ్రేలితో తట్టిన ఖంగున మ్రోగెను. పెండ్లి నిర్విఘ్నముగ జరిగెను. రాజు మెచ్చి మాన్యమిచ్చెను. గంగసాని చేతులు మానెను గాని మచ్చలు పోలేదు. కొన్నాళ్లకు మాచసాని మరియొక సలహాతో రాగా అక్కమాంబ పీట వేసి, తాంబూలమిచ్చి, ఆ ప్రశ్న అడిగెను. ఆమె పొయ్యిమీద పాలున్నవని చెప్పి వెడలిపోయెను.

కావున క్రొత్తగా కాపురమునకు వచ్చినవారు, వ్యాపారము మొదలిడువారు, బిడ్డకు సంబంధము వెదకువారు, అన్నిటికన్న ముఖ్యముగ పొగడ్తకు లొంగువారు ఈ వ్రతము చేయవలెను. చేసినవారికి చెడిన పని చక్కబడును, పోయిన సిరి తిరిగివచ్చును, ఇంట మాట నిలుచును. కథ విన్నవారు అక్షతలు తలపై వేసికొనుటకు ముందు, తాము ఎవరి మాటపై నడచుచున్నారో వారి అరచేతులను ఒక్కమారు చూడవలెను.