తోకలు కడిగిన రోజు

మాఘ బహుళ తదియ నాడు, పట్టపగలు, అందరూ చూస్తుండగా ఎర్ర పాండాకు అన్యాయం జరిగింది. చూసినవాళ్ళలో కళ్ళు లేనివాళ్ళెవరూ లేరు.

ముందురోజు పొద్దున్నే రకూన్ పెద్ద చాటింపు వేయించాడు. తోక మీద చారలున్నవాళ్ళే చుట్టాలు, వాళ్ళే ఈ గట్టున ఉంటారు. మిగతావాళ్ళు వాగు దాటి పోవాలి. అవతల మచ్చలపులి ఉంది.

తినే కాయనైనా నీళ్ళలో ముంచి తడిమితే గాని నమ్మడు రకూన్. తోకల్నీ అంతే, మడుగులో ముంచి చూస్తానన్నాడు.

చెట్లమీద బతికే కింకజూ తోకకు చారల్లేవు. తేనెరంగు తోక, అంతే. పైగా కడుపుకు కరుచుకున్న పిల్ల. చాటింపు విన్న వెంటనే కాలిన మొద్దు మసి తెచ్చి తోకకు తొమ్మిది చారలు దిద్దుకుంది. మసి నీళ్ళకు నిలుస్తుందా? భయానికి ఆ ఆలోచన ఎక్కడిది!

మర్నాడు ముందుగా ఎర్ర పాండాను పిలిచారు. తోక ముంచారు. చారలు చెక్కుచెదరలేదు. నీళ్ళు తేటగానే ఉన్నాయి. రకూన్ మొహం మాడిపోయింది. చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు.

"అయిదు వేళ్ళు కాక ఈ బొడిపేమిటే?"

"పుట్టుకతో వచ్చింది, పెద్దయ్యా. కొమ్మ పట్టుకోవడానికి."

"మాకెవరికీ లేదే! ఇన్నాళ్ళూ దాచిపెట్టి మా పంక్తిలో తిన్నావా?"

ఎర్ర పాండా కింకజూ వైపు తిరిగింది. "వదినా, నువ్వైనా చెప్పు. నీ పురిటికి కొమ్మ వంచి పళ్ళు కోసిపెట్టింది ఈ చెయ్యే గదా."

నోరు తెరిస్తే చూపులన్నీ తన తోక మీద పడతాయి. కింకజూ పిల్లను పొట్టకు అదుముకుని నేలచూపులు చూసింది.

ఎర్ర పాండా వాగు దాటింది. అవతలి పొదలు ఒక్కసారి ఊగి ఆగిపోయాయి.

వరస కదిలింది. ముందు నిలబడ్డ కోటీ, ఆ పొడుగుముక్కు గయ్యాళి, వెనక్కి తిరిగింది. "ఏమే, ఏనాడూ లేనిది నీ తోకకు ఇంత సోకెప్పుడొచ్చిందే?"

"ముక్కెంత పొడుగైతే మాత్రం, నా తోక దాకా ఎందుకత్తా?" అంది కింకజూ.

కోటీ గబుక్కున ముందుకు తిరిగింది. తన తోకను కాళ్ళ మధ్యకు లాక్కుంది.

కింకజూ వంతు వచ్చింది. వంగి మడుగులోకి చూసింది. నీళ్ళు అప్పటికే సిరాలా నల్లగా ఉన్నాయి.

రకూన్ తోక ముంచాడు. వాడి వేళ్ళ సందుల్లోంచి మసి జారింది. ఇద్దరి కళ్ళూ కలిశాయి.

"చుట్టమే," అన్నాడు రకూన్.

ఆ వేళ్ళతోనే కళ్ళు తుడుచుకున్నాడు. కళ్ళ చుట్టూ అంటిన ఆ నలుపు ఇవాళ్టికీ పోలేదు. వాడి తోక మాత్రం ఎవరూ కడగలేదు.

ఆకు మీద గోటితో గీసి పెట్టారు: మాఘ బహుళ తదియ. చుట్టాలు నలభై మూడు. పరాయి ఒకటి.