తవ్విన మన్ను

కుళ్ళాయప్ప తాత దగ్గరికి ప్రశ్న పట్టుకుని పోయినవాడికి ముందు కాళ్ళకు పని పడేది. "తొక్కు నాయనా," అని మట్టిగుంట చూపించేవాడు. కుమ్మరి సారె తిప్పుకుంటూనే కొండకింది ఊళ్ళన్నిటికీ బోధగురువైన మనిషి ఆయన. తొక్కి తొక్కి శిష్యుడు అలిసేసరికి సగం ప్రశ్నలు వాటంతటవే అణిగిపోయేవి. మిగిలిన సగానికీ తాత నోటితో జవాబు చెప్పింది తక్కువే.

ఓబులేశు ప్రశ్న మాత్రం మూడేళ్ళు తొక్కినా అణగలేదు. ఒకనాడు కాళ్ళకు బురదతోనే వచ్చి సారె ముందు నిలబడ్డాడు.

"తాతా, నాకు ఉపదేశం ఎప్పుడిస్తావు? ఉన్న చేను తమ్ముడికి ఒదిలేసి వచ్చినా. చేసింది చెప్పుకోవద్దంటివి, చెప్పుకోవడం మానేసినా. ఊరందరూ నీళ్ళు తాగే చెలమ తవ్వింది నేనేనని ఈ రోజుకీ ఒక్కడికి తెలీదు. ఇంకా నాలో ఏం మిగిలిందని?"

చెలమ సంగతి తాతకు చెప్పడం అది మూడోసారి. పాపం, ఆ విషయం ఓబులేశుకే గుర్తు లేదు. తాత సారె మీది కుండ అంచును తడిచేత్తో సరిచేసి, దారంతో కోసి పక్కన పెట్టి లేచాడు.

"గునపం తీసుకో. పోదాం రా."

ఆ రోజుల్లో కొండకు ఆవల ఒక పాలెగాడు కోట కట్టిస్తుండేవాడు. వెట్టికి రామన్నందుకు ఒక నేతగాళ్ళ పల్లెను తగలబెట్టించాడు. పదకొండుమంది ప్రాణాలు అరచేత పట్టుకుని కొండెక్కి, రాతిగుహలో దాక్కున్నారు. వాళ్ళలో తిప్పక్క అనే పిల్ల ఆ గుహలోనే బిడ్డను కన్నది. పచ్చి బాలింత. చలికి ఒళ్ళు కొయ్యబారుతోంది, పాలు పడలేదు, బిడ్డ ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది. వేడివేడిగా ఇంత కొర్రన్నం, మిరియాల చారు కడుపులో పడితే తప్ప ఇద్దరూ దక్కరని ఆమె అత్త సుంకమ్మ రహస్యంగా తాతకు కబురంపింది. తిప్పక్క లేచి నడవగలిగితే అందరూ కొండ దాటి పోవచ్చు. అందాకా వండిపెట్టాలి. వండాలంటే నిప్పు కావాలి. పగలైతే పొగనూ, చీకటి పడితే మంటనూ కోటబురుజు మీది కాపలావాడు పసిగడతాడు. పసిగడితే పదకొండు తలలూ కోటగుమ్మానికి వేలాడతాయి.

గుహకు బాగా దిగువన, కొమ్మలు దట్టంగా కమ్ముకున్న మద్దిచెట్టు కింద తాత చోటు చూశాడు. ముందు గడ్డిని వేళ్ళతో సహా చెక్కలుగా కోయించి నీడలో పెట్టించాడు. మూతిమీద కుండ నిలిచేంత వెడల్పున, మోకాటిలోతు ఒక గుంట తవ్వించాడు. దానికి మూరెడు ఎడంగా, గాలి వచ్చే వైపు, ఇంకో చిన్న గుంట. దాన్ని ఏటవాలుగా తవ్వుకుంటూ పోయి పెద్దగుంట అడుగులో కలిపించాడు. బెరడు ఒలిచిన ఎండుపుల్లలు వేసి నిప్పంటించేసరికి, గాలి చిన్న గుంటలోంచి దూరి అడుగునుంచి ఊదింది. నిప్పు ఎర్రగా, నిబ్బరంగా మండింది గానీ మంట గుంట దాటి పైకి రాలేదు. ఉన్న కాస్త పొగా మద్ది ఆకుల్లోనే చెదిరిపోయింది. ఓబులేశు పాతిక అడుగులు వెనక్కి పోయి చూశాడు. అక్కడ పొయ్యి ఉన్నట్టే లేదు. "ఓయబ్బా, ఏం పనితనం!" అనుకున్నాడు.

"వంటయినాక నిప్పార్పు," అన్నాడు తాత. "గుంటలు పూడ్చు. గడ్డిచెక్కలు ఎట్లున్నవి అట్ల పరుచు. మిగిలిన మన్ను దుప్పట్లో మూటగట్టి వాగులో పోసిరా. రేపు మళ్ళీ తవ్వు, మళ్ళీ పూడ్చు. నాలుగోనాడు నేనొస్తా."

మొదటిరోజు ఓబులేశు చెప్పింది చెప్పినట్టు చేశాడు. రెండోరోజూ చేశాడు. పొద్దు వాలే వేళ సుంకమ్మ కుండ తీసుకుపోవడానికి దిగివచ్చి, అతని గడ్డం పట్టుకుంది. "ఏ తల్లి కన్న బిడ్డవో నాయనా, నా కోడలికి పాలు పడినాయి," అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఓబులేశుకు గుండె నిండిపోయింది. నిండవలసిందే మరి, అంత మేలు జరిగింది. కానీ ఆమె కుండ ఎత్తుకుని వెళ్ళిపోతుంటే ఇంకో సంగతి కూడా మనసులో కదిలింది. ఆమె కుండను చూసింది, అన్నాన్ని చూసింది, పొయ్యి వంక మాత్రం చూడలేదు.

మూడోరోజు అతను గుంట మూతికి బంకమన్ను పూసి, బొటనవేలితో తిప్పి నునుపు చేశాడు. మూడేళ్ళు తాత చేతుల్ని చూసి నేర్చుకున్న పని అది. ఎంత చక్కగా కుదిరిందంటే వంటయ్యాక పూడ్చడానికి చెయ్యి రాలేదు. రేపు ఎట్లాగూ మళ్ళీ తవ్వాలి కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అసలు సంగతి అది కాదు. రేపు తాత వస్తాడు. ఒక్కసారి చూస్తే బాగుండును. తాను నోరు తెరిచి చెప్పడు, ఒట్టు. తాతే చూసి, ఎవరు చేసినార్రా దీన్ని అని అడిగితే చాలు. అతను నిప్పార్పాడు, బూడిద ఎత్తాడు, పుల్లలు ఏరేశాడు. తవ్విన ఎర్రమన్ను మాత్రం చెట్టు పక్కన కుప్పగా ఉండిపోయింది.

మరునాడు మధ్యాహ్నం గురుశిష్యులిద్దరూ కొండెక్కేసరికి మద్దిచెట్టు కింద పాలెగాడి బంట్లు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఎండిన గడ్డి మధ్య ఎర్రమన్ను ఎదుటి కొండ మీదికి కూడా కనిపిస్తుంది. పొగ గురించీ మంట గురించీ అన్ని జాగ్రత్తలు పడ్డవాడికి ఆ ముక్క తట్టనే లేదు. ఓబులేశు భుజాన ఉన్న కొర్రల మూటను చప్పుడు కాకుండా పొదలోకి జార్చేశాడు.

వాళ్ళలో పెద్దవాడు బల్లెం మొనతో పొయ్యి మూతిని తట్టాడు.

"ఎవడ్రా దీన్ని చేసినోడు?"

నిన్నటి నుంచీ ఓబులేశు వినాలని కోరుకున్న ప్రశ్న అదే. పైన గుహలో బిడ్డ ఒక్కసారి కేరుమంటే అంతా అయిపోతుంది. అతను ఒక అడుగు తాత వెనక్కి జరిగాడు. కళ్ళు నేలకు అతుక్కుపోయాయి.

"నేను," అన్నాడు తాత.

"ఎందుకు?"

"కుమ్మరోణ్ణి దొరా. ఈ కొండమన్ను ఎట్ల కాలుతుందో చూసుకుంటాండా."

బంటు వంగి, మూతి చుట్టూ నునుపు చేసిన పూతను చూశాడు. తర్వాత తాత చేతుల్ని చూశాడు. నమ్మాడు. నమ్మినా ఊరికే పోలేదు. పాలెగాడి కొండలో అడక్కుండా నిప్పు పెట్టినందుకు తాత కుడిచెయ్యి బండమీద పెట్టించి, ఇంకో బండతో మోదారు. రెండు దెబ్బలు. తాత గట్టిగా అరిచాడు. అంత గట్టిగా ఆయన గొంతు ఎత్తడం ఓబులేశు ఎన్నడూ వినలేదు. ఆ అరుపు గుహదాకా పోయింది. సుంకమ్మకు అర్థమైంది. కోడల్ని లేవదీసి, బిడ్డను గుడ్డలో చుట్టుకుని, అందరినీ తీసుకుని కొండ వెనకవైపు దిగిపోయింది. పదకొండుమందీ, వాళ్ళతోపాటు బిడ్డా క్షేమంగా అవతలి సీమ చేరారని వారం తర్వాత కబురొచ్చింది.

కబురొచ్చిన పొద్దున తాత కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని సారె ముందు కూర్చుని ఉన్నాడు. ఇక ఆ చెయ్యి మట్టి పట్టదని వైద్యుడు చెప్పిపోయాడు. వారం రోజులుగా ముద్ద మింగుడుపడని ఓబులేశు వచ్చి ఆయన కాళ్ళమీద పడ్డాడు.

"నేనేనని చెప్పలేకపోతి తాతా. ఆ దెబ్బలు నావి. నేను తినాల్సినవి నువ్వు తింటివి." చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

తాత అతన్ని ఏడవనిచ్చాడు. ఎడమచెయ్యి అతని తలమీద వేశాడు.

"ఆ మన్ను ఇంకా చెట్టు కిందే ఉంది నాయనా. పోయి వాగులో పోసిరా."

ఓబులేశు కళ్ళు తుడుచుకుని లేచాడు. దుప్పటి భుజాన వేసుకున్నాడు. గడప దాటబోతూ వెనక్కి తిరిగి, "ఒక్క పిడికెడు మిగలకుండా పోసేసి, వచ్చి నీకు చెప్తా తాతా," అన్నాడు.

"వచ్చి చెప్పొద్దు," అన్నాడు తాత.