ట్రెంచి పూడ్చిన రోజు

మంగతాయమ్మగారిని ప్రశ్న అడగాలంటే ముందు చింతపండు గింజలు తీయాలి. భీమిలిలో సముద్రానికి దగ్గరగా ఉన్న రెండు గదుల ఇంట్లో ఆవిడ వేదాంతం చెప్పేవారు. ప్రశ్నతో వచ్చినవారి ముందు ఒక పళ్ళెం పెట్టి, "పని చేస్తూ అడగండి" అనేవారు. చాలా పెద్ద ప్రశ్నలు పావుకిలో దాటేసరికి వాటంతటవే నీరసించేవి. ఆ ఇంట్లో పులుసుకు మాత్రం లోటుండేది కాదు.

తొంభై అయిదో సంవత్సరంలో ఒక ఉదయం నీలాద్రి మాస్టారు ఆ పళ్ళెం ముందు కూర్చున్నారు. ఆయన చరిత్ర లెక్చరరుగా రిటైరైన మనిషి.

"అమ్మా, రెండో ప్రపంచయుద్ధం ఏ రోజు ముగిసినట్టు?"

మేమందరం తలలెత్తాం. ఆ గదిలో జీవుడి గురించీ మాయ గురించీ అడిగినవాళ్ళున్నారు గానీ ఇలాంటిది ఎవరూ అడగలేదు. సంగతేమిటంటే, యుద్ధం ముగిసి యాభై ఏళ్ళయిన సందర్భంగా ఊళ్ళో సభ పెడుతున్నారు. జపాను సంతకం పెట్టింది సెప్టెంబరు రెండున కాబట్టి సభ ఆ రోజే జరగాలని మాస్టారి పట్టు. చక్రవర్తి రేడియోలో ఓటమి ఒప్పుకున్నది ఆగస్టు పదిహేనున కాబట్టి అదే అసలు రోజని ఆయన స్నేహితుడు సత్యారావుగారి పట్టు. ముప్ఫై ఏళ్ళుగా పొద్దున్నే కలిసి బీచిలో నడిచే ఇద్దరూ ఇప్పుడు ఒకరు ఉత్తరానికీ ఒకరు దక్షిణానికీ నడుస్తున్నారు. ఆహ్వానపత్రిక తేదీ లేకుండా ప్రెస్సులో పడి ఉంది.

"ఆ సత్యారావు ఏమంటాడంటే..."

"ఆయన మాట ఆయన్నే అడుగుతాలెండి. మీ పళ్ళెంలో పని ఆగింది," అని మంగతాయమ్మగారు తమ చిన్నప్పటి సంగతి మొదలుపెట్టారు.

విశాఖపట్నం పాతపట్టణంలో వాళ్ళ పక్కింట్లో సన్యాసమ్మ, వరహాలమ్మ అని తోడికోడళ్ళుండేవారు. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు రుబ్బురోలు పెద్దకోడలు సన్యాసమ్మ వాటాకీ, దాని పొత్రం చిన్నకోడలు వరహాలమ్మ వాటాకీ వచ్చాయి. ఆ పంపకం చేసిన పెద్దమనిషి ఏ ధ్యాసలో ఉన్నాడో తెలీదు. నువ్వియ్యి అంటే నువ్వియ్యి అనుకున్నారు. నీ గడప తొక్కితే ఒట్టు అంటే నీ గడప తొక్కితే ఒట్టు అనుకున్నారు. పదకొండేళ్ళు మాటల్లేవు. ఇద్దరూ పప్పు రుబ్బుకోడానికి మంగతాయమ్మగారి ఇంటికే వచ్చేవారు, వేరువేరు పూటల్లో.

నలభై రెండులో ఊరి మీద జపాను బాంబులు పడ్డాక, జనం దాక్కోడానికి వీధివీధినా ట్రెంచిలు తవ్వారు. వీళ్ళిద్దరి పెరళ్ళకీ కలిపి ఒకటే ట్రెంచి వచ్చింది. సైరన్ ఎక్కుతూ దిగుతూ కూస్తే ప్రమాదం, ఎవరి వైపు నుంచి వాళ్ళు అందులోకి దిగాలి. ఒకే తీరుగా కూస్తే క్షేమం, పైకి రావాలి. లోపల ఉన్నంతసేపూ, పేలుడు అదురుకి దెబ్బ తినకుండా, చెవుల్లో దూది, పళ్ళ మధ్య గుడ్డ. నోరు కట్టేసుకోమని సర్కారు హుకుం చేసిన చోటే వాళ్ళ నోళ్ళు తెరుచుకున్నాయి. మొదటిసారి సన్యాసమ్మ గుడ్డ తీసి, "కాలు తియ్యే, గుచ్చుకుంటంది," అంది. రెండోసారి వరహాలమ్మ తోడికోడల్ని అక్క వరసతో పిలిచి, "పుస్తుల తాడు ఎప్పుడు మార్చినావు అప్పా?" అంది. ఆ తరవాత ఆపినవాళ్ళు లేరు. క్షేమం కూత వినబడితే మాత్రం మాట సగంలో ఉన్నా లేచి, మొహాలు తిప్పుకుని, ఎవరింటికి వాళ్ళు పోయేవారు. మిగతా సగం మళ్ళీ సైరన్ మోగినప్పుడే.

సన్యాసమ్మ కొడుకు కన్నయ్య మిలటరీ లారీ తోలడానికి బర్మా వెళ్ళాడు. అతని ఉత్తరాలు ట్రెంచిలోనే విప్పేవారు. సన్యాసమ్మకి చదువు రాదు, వరహాలమ్మ నాలుగో క్లాసు. జవాబులు కూడా ఆ గోతిలోనే మోకాలి మీద రాసింది వరహాలమ్మే.

యుద్ధం అయిపోయిందన్నారు. ఊళ్ళో మిఠాయి పంచారు. సైరన్‌లు ఆగిపోయాయి. కొన్ని వారాలకి బర్మా నుంచి ఒక కవరు వచ్చింది.

సన్యాసమ్మ దాన్ని నాలుగు రోజులు రవికెలో పెట్టుకు తిరిగింది. కొడుకు బతికున్నాడో లేదో ఆ కవర్లో ఉంది. పోస్టుమాను చదువుతానన్నాడు. "నువ్వు సావు కబురూ మనియార్డరూ ఒక్కలాగే సదువుతావు, ఎల్లు," అని పంపేసింది. అయిదో రోజున ట్రెంచిలోకి దిగి కూర్చుంది. వరహాలమ్మ పెరటి తలుపు సందులోంచి చూస్తూనే ఉంది, రాలేదు. సైరన్ లేకుండా ఎలా వస్తుంది?

సరిగ్గా అప్పుడే ట్రెంచిలు పూడ్చడానికి గౌరీసు అనే మేస్త్రీ నలుగురు కూలీలతో వచ్చాడు.

"లెగమ్మా, పూడ్చాల."

"ఎందుకూ?"

"యుద్ధం అయిపోనాది కదా!"

"ఎవులు సెప్పారు?"

"రేడియోలో సెప్పారమ్మా."

"మా ఇంట రేడియో నేదు. సైరన్ కొట్టించు, అప్పుడు లెగుస్తాను."

గౌరీసు బతిమాలాడు, బెదిరించాడు. చివరికి ఆవిడ రవికెలోంచి కవరు తీసి చూపించి, మూసి ఉన్న పెరటి తలుపు వైపు గడ్డం ఎత్తింది. గౌరీసుకి పెళ్ళయి పన్నెండేళ్ళయింది, అర్థమైంది. అటూ ఇటూ చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఎక్కుతూ దిగుతూ కూశాడు. వీధిలో కుక్కలు అందుకున్నాయి. ఒక ముసలాయన పరుగెత్తి మంచం కింద దూరాడు.

వరహాలమ్మ చెవుల్లో దూదితో, నోట్లో గుడ్డతో, పద్ధతి ప్రకారం వచ్చి ట్రెంచిలోకి దిగింది. గుడ్డ తీసింది, కవరు చింపింది. కాగితం ముందు తనలో తాను చదువుకోకుండా గబగబా పైకే చదివేసింది.

"అమ్మకి దండాలు. నేను క్షేమం. పండగ లోపల ఇంటికి పంపేస్తామన్నారు. లారీ బోల్తా పడి చెయ్యి విరిగింది, అతికింది. పిన్నీ, ఈ ముక్క అమ్మకి చదవకు."

"సదివేసినావు కదే!" అని సన్యాసమ్మ ఒక్కటిచ్చింది వీపు మీద. ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు. ఏది ముందో పక్క పెరట్లోంచి చూసిన మంగతాయమ్మగారికి గుర్తు లేదు.

గౌరీసు కాసేపు ఆగి, మర్యాదగా, ఒకే తీరుగా కూశాడు. ఎవరూ లేవలేదు. ఇంకోసారి కూశాడు.

"గొంతు పోతంది, ఊరుకో నాయనా," అంది వరహాలమ్మ. "ఇది పూడ్చేస్తే మేమెక్కడ మాటాడుకోవాల?"

"ఇళ్ళు నేవా మీకు?"

"ఒట్టుంది," అన్నారిద్దరూ ఒక్కసారే.

గౌరీసు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. ఒట్టు సంగతి తన పని కాదు, గొయ్యి తన పని. ఏ గోతి మట్టితో ఆ గొయ్యే పూడ్చాలి, బయటి మట్టి ఇవ్వరు. కూలీలు పెరడంతా వెతికారు, ఎక్కడా మట్టికుప్ప లేదు.

"ఇందులోంచి తీసిన మట్టేటి సేశారమ్మా?"

ఇద్దరి చూపులూ ఒకే వైపు తిరిగాయి. గౌరీసు వాళ్ళు చూస్తున్న వైపు చూశాడు. రెండు పెరళ్ళకీ మధ్య, ఇంటి వైపు నుంచి ట్రెంచి అంచు దాకా, ఛాతీ ఎత్తు మట్టిగోడ ఉంది. ట్రెంచి తవ్విన వారంలోనే ఒకరు ఈ వైపు నుంచీ ఒకరు ఆ వైపు నుంచీ తడిపి, తొక్కి, ముద్దలు పెట్టి లేపుకున్న గోడ. యుద్ధం పేరు చెప్పి సర్కారువారు ఉచితంగా తవ్విచ్చిన మట్టి.

"ఆవిణ్ణడుగు," అంది సన్యాసమ్మ.

"అప్పనే అడుగు," అంది వరహాలమ్మ.

గౌరీసు ఎవరినీ అడగలేదు. గునపం అందుకున్నాడు.

సాయంత్రానికి గొయ్యి లేదు, గోడ లేదు. ఒకటే పెరడు. దాని మధ్యలో చాప వేసుకుని వాళ్ళిద్దరూ ఇరవై ఏళ్ళు మాట్లాడుకున్నారు. పోయేదాకా ఎవరూ ఎవరి గడపా తొక్కలేదు. ఒట్టు ఒట్టే.

నీలాద్రి మాస్టారి పళ్ళెం అప్పటికి ఖాళీ అయింది. ఆయన వేళ్ళు పంచెకి తుడుచుకుని, జేబులోంచి పెన్ను తీశారు.

"ఇది ఏ తేదీనండీ అమ్మా?"

మంగతాయమ్మగారు గింజలు విస్తరాకులోకి ఎత్తుతూ అన్నారు.

"తేదీ ఎవరూ రాసుకోలేదు మాస్టారూ. మంగళవారం. మంగళవారం పూట గోడ పడగొడతారా అని వీధంతా తిట్టింది, అందుకని గుర్తు."